కొత్త రంపపు మిషన్‌లో లోపాలు: ఏవి సరిచేసుకోవాలి, ఏవి తిప్పి పంపాలి

(మన సంఘం సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఎప్పుడూ ఎరియర్స్ గురించీ, మెడికల్ కార్డుల గురించీ, నవంబరు నెల వస్తే లైఫ్ సర్టిఫికెట్ల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు, "మీరు టూల్‌రూములో ముప్ఫై ఏళ్ళు కొలతలే కొలిచారు గదా, నలుగురికీ పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. మన సభ్యుల్లో కొందరు రిటైరైన తరువాత చెక్కపని మొదలుపెట్టారు. కొందరిది కాలక్షేపం. ఒకరిద్దరు కొడుకు చేతో, అల్లుడి చేతో ఫర్నిచర్ షాపు పెట్టించారు. అందరూ కొనేది ఒకటే, బీడు బల్ల ఉన్న రంపపు మిషన్, అంటే టేబుల్ సా. కొన్న వారం రోజుల్లోనే నాకు ఫోను వస్తుంది. చెక్క కాలిపోతోంది అనో, బల్ల వంకరగా ఉంది అనో, అదురుతోంది అనో. గ్రాట్యుటీ డబ్బు పెట్టి కొన్న వస్తువు కనుక ఆ గొంతులో ఆందోళన వినబడుతుంది. ఆ మిషన్ల దగ్గర నేను చూసినది, తేల్చుకున్నది మీకు చెబుతాను.

ముందుగా ఆఫీసు సెక్షన్లలో పనిచేసినవారి కోసం బీడు గురించి కొంచెం. ఫౌండ్రీవారు నన్ను క్షమించాలి, వారికి ఇది పాత పాఠమే. బీడులో కార్బన్ నూటికి రెండున్నర నుంచి నాలుగు పాళ్ళ దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్రాఫైటు రేకులుగా లోహంలో పరచుకొని ఉంటుంది. ఆ రేకులు అదురును మింగేస్తాయి. లేత్ బెడ్డునూ, రంపపు బల్లనూ బీడుతో పోసేది అందుకే. దాన్ని పెళుసు చేసేవి కూడా ఆ రేకులే. బీడు నొక్కుడుకు ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోదు. సుత్తి దెబ్బకు ఉక్కు సొట్టపోతుంది, బీడు పగులుతుంది.

పోత పోసిన తరువాత పలచటి భాగాలు ముందు చల్లారతాయి, మందపాటివి ఆలస్యంగా చల్లారతాయి. ఆ తేడా వల్ల లోపల బిగువు మిగిలిపోతుంది. అలాంటి పోతను వెంటనే మిషన్ మీద చెక్కితే, చెక్కిన రోజు చదునుగానే ఉంటుంది, తరువాత తన దారిన తాను వంగుతుంది. పాతకాలంలో పెద్ద పోతలను నెలల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ వదిలేసేవారు. తరువాత 500, 600 డిగ్రీల వేడిలో ఉంచి నెమ్మదిగా చల్లార్చే పద్ధతి వచ్చింది. ధర తగ్గించి అమ్మేవారికి రెంటికీ తీరిక ఉండదు. కనుక కొత్త మిషన్ అన్నంత మాత్రాన బల్ల తిన్నగా ఉంటుందన్న హామీ లేదు. బల్ల తిన్నగా లేదని కనబడినంత మాత్రాన పోత చెడ్డదని కూడా కాదు. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు.

మిషన్ ఇంటికి రాగానే చేయవలసిన పని తుడవడం కాదు, ఫోటోలు తీయడం. పెట్టె విప్పక ముందు, విప్పుతూ, విప్పిన తరువాత. మనవడో మనవరాలో పక్కన ఉంటే ఆ పని వాళ్ళకు అప్పగించండి. బిల్లు, గ్యారంటీ కార్డు ఒక కవరులో పెట్టి బీరువాలో పెట్టండి. ఆ తరువాత బల్ల మీద తుప్పు పట్టకుండా పూసిన జిడ్డును కిరసనాయిలుతో గాని, అది దొరక్కపోతే టర్పెంటైనుతో గాని కడగండి. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో, జిడ్డు తీసిన బీడు బల్ల తెల్లవారేసరికి ఎర్రబడుతుంది. కడిగిన రోజునే ఆరబెట్టి పలచగా మైనం పట్టించాలి. సిలికాన్ కలిసిన కారు పాలిష్ వాడకండి. అది చెక్కకు అంటుకుంటే తరువాత వేసే వార్నిష్ ఆ చోట పట్టదు.

ఇక కొలతలు. స్ట్రెయిట్ ఎడ్జి, ఫీలర్ గేజి, మూలమట్టం, ఒక డయల్ గేజి చాలు. మూలమట్టాన్ని నమ్మేముందు దాన్నే పరీక్షించండి. తిన్నటి అంచు ఉన్న పలక మీద ఒక గీత గీసి, మూలమట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకటైతే సరే. విడిపోతే ఆ మూలమట్టం వడ్రంగి మేస్త్రీకి ఇచ్చినా తీసుకోడు.

బల్లకు మెలిక ఉందో లేదో చూడటానికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. నాలుగు మూలల్లో ఒకే మందం గల రేకు ముక్కలు పెట్టి, వాటి మీదుగా మూల నుంచి మూలకు రెండు సన్నటి దారాలు బిగుతుగా లాగండి. నడిమధ్యలో ఒకదాన్నొకటి ఊరికే తాకితే మెలిక లేదు. ఎడం ఉంటే మెలిక ఉంది. అడుగు దారం పై దారాన్ని ఎత్తి పట్టుకుంటే కూడా మెలిక ఉన్నట్టే, అప్పుడు దారాలను కిందుమీదు చేసి ఎడం ఎంతో కొలవండి. మెలిక కనబడగానే ఆకురాయి గాని గ్రైండరు గాని పట్టుకోవద్దు. ఒక దగ్గర ఆ పని జరిగిపోయిన తరువాత నన్ను పిలిచారు. మెలిక అలాగే ఉంది, పైగా బల్ల మధ్యలో గుంట పడింది. అమ్మినవాడు ఆ గుంట చూపించి, "మీరే పాడు చేశారు" అని చేతులు దులుపుకున్నాడు.

మెలిక కనబడితే మొదట మిషన్ కాళ్ళను నేలకు బిగించిన బోల్టులు వదులు చేయండి. చాలా మిషన్లలో బీడు బల్లను రేకు పెట్టె మీద నాలుగు చోట్ల బిగిస్తారు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఆ బోల్టులు పెట్టెను లాగుతాయి, పెట్టె బల్లను లాగుతుంది. నేను చూసిన మెలికల్లో ఎక్కువ భాగం ఈ బాపతువే. కాలి కింద రేకు ముక్క పెట్టి, రసమట్టం చూసి, మళ్ళీ బిగిస్తే పోయేవి. బల్లకు అటూ ఇటూ తగిలించే రెక్కలు ఎత్తుపల్లాలుగా ఉంటే అతుకులో పలచటి షిమ్ము పెట్టి సరిచేయవచ్చు. ఇవి లోపాలే గాని తలనొప్పులు కావు. బల్ల మొత్తం మీద పావు మిల్లీమీటరు పల్లం ఉంటే చెక్కపనికి అడ్డం రాదు. మనం ఇంజను సిలిండరు బోరు చేయడం లేదు. బ్లేడు పక్కన గూను ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ఆ తరువాత బ్లేడు. మిషన్‌లో అన్నిటికీ ఆధారం బల్ల మీద చెక్కిన మైటర్ గాడి. బ్లేడు ఆ గాడికి సమాంతరంగా ఉండాలి. కరెంటు ప్లగ్గు పీకేసి, బ్లేడును పూర్తిగా పైకి ఎత్తి, ముందువైపు ఒక పన్నుకు చాక్‌పీసుతో గుర్తు పెట్టి, గాడి అంచు నుంచి ఆ పన్నుకు ఎంత దూరమో కొలవండి. అదే పన్నును చేత్తో వెనక్కి తిప్పి అక్కడ కొలవండి. అదే పన్ను ఎందుకంటే, బ్లేడు స్వయంగా కాస్త వంకరైనా ఆ దోషం రెండు కొలతల్లోనూ సమానంగా కలిసి పోతుంది. తేడా మిల్లీమీటరులో పదో వంతుకు మించితే సరిచేయాలి. బల్ల కింద బ్లేడు షాఫ్టును మోసే బీడు చట్రాన్ని ట్రనియన్ అంటారు. కొన్ని మిషన్లలో దాని బోల్టులు, కొన్నింటిలో బల్ల బోల్టులు వదులు చేసి, చెక్క సుత్తితో మెల్లగా తడుతూ జరపాలి. ఇనప సుత్తి దగ్గరకు రానివ్వకండి. బోల్టులు బిగిస్తుంటే సరిచేసినది మళ్ళీ కదులుతుంది. కొంచెం బిగించడం, కొలవడం, ఇంకొంచెం బిగించడం. ఒక పూట పడుతుంది.

అదురు ఉంటే బెల్టు, పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో ముందు చూడండి. తరువాత బ్లేడు తీసి, అది ఆనుకునే ఫ్లాంజి మీద డయల్ గేజి పెట్టి చేత్తో తిప్పండి. ఫ్లాంజి అంచు మధ్య నుంచి 25 మిల్లీమీటర్లు, పదంగుళాల బ్లేడు పన్ను 127 మిల్లీమీటర్లు. ఫ్లాంజి దగ్గర కనబడిన తేడా పన్ను దగ్గర అయిదు రెట్లు అవుతుంది. ఇక్కడ మిల్లీమీటరులో మూడు వందోవంతులు అంటే అక్కడ పదిహేను వందోవంతులు. చాలాసార్లు కారణం ఫ్లాంజి మీద ఎండిన పెయింటు చుక్కో, లేచిన బొడిపో అయి ఉంటుంది. అది గీకేస్తే పోతుంది. అది కాక షాఫ్టే వంగి ఉంటే మనం చేసేదేమీ లేదు, తిప్పి పంపవలసిందే.

చెక్కను ఆనించి తోసే ఫెన్సు గురించి మాత్రం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది వేళ్ళతో పోయే విషయం. బ్లేడు ముందు పళ్ళు చెక్కను కిందికి, బల్ల మీదికి నొక్కుతాయి. వెనక పళ్ళు కింది నుంచి పైకి వస్తాయి. ఫెన్సు వెనకవైపు బ్లేడుకు దగ్గరగా వాలి ఉంటే, చెక్క ఆ రెంటి మధ్యా ఇరుక్కుని వెనక పళ్ళకు ఒరుసుకుంటుంది. మొదట అంచు నల్లగా మాడుతుంది. ఆ తరువాత ఏదో ఒక క్షణంలో పళ్ళు చెక్కను ఎత్తి తోసేవాడి మీదికి విసురుతాయి. పదంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పన్ను వేగం సెకనుకు 53 మీటర్లు, గంటకు 190 కిలోమీటర్లు. ఆ విసురుకు చెక్క ఒక దిక్కుకు పోతుంది, తోస్తున్న చెయ్యి బ్లేడు మీదికి పోతుంది. అందుచేత ఫెన్సు గాడికి సమాంతరంగా ఉండాలి, లేదా వెనక కొస మిల్లీమీటరులో పదో వంతు బ్లేడుకు ఎడంగా ఉండాలి. దగ్గరగా మాత్రం ఎన్నడూ ఉండకూడదు. బ్లేడు వెనక నిలబడి కోసిన సందు మూసుకుపోకుండా చూసే రైవింగ్ నైఫ్ అనే రేకు లేకుండా మిషన్ అమ్మితే కొనకండి. ఉన్నదాన్ని అడ్డంగా ఉందని పీకేయకండి. గ్లౌజులు, కండువా, గుండీలు పెట్టని పొడుగు చేతులు మిషన్ దగ్గర పనికిరావు. మన షాపులో ఇది ఎర్ర అక్షరాల్లో రాసి ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది.

చెక్క మాడితే పచ్చిచెక్క అనో, బ్లేడు మొండి అనో అమ్మినవాళ్ళు చెబుతారు. అది కొన్నిసార్లు నిజం కూడా. టేకులో ఇసుక గుణం ఉంటుంది, మామూలు ఉక్కు బ్లేడును త్వరగా మొండి చేస్తుంది. టేకుకు కార్బైడు పళ్ళ బ్లేడు వాడాలి. బ్లేడు మార్చి, ఆరిన చెక్క పెట్టి చూసిన తరువాత కూడా మాడుతుంటే లోపం మిషన్‌దే.

ఇప్పుడు మన సభ్యులొకరి సంగతి చెబుతాను. స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడే కూర్చున్నారు, పేరు చెప్పవద్దన్నారు. చిన్నబ్బాయి కోసం పదంగుళాల మిషన్ కొన్నారు. పెళ్ళివారి మంచాలకు ఆర్డరు ఉన్నది. మూడో రోజుకే టేకు అంచులు మాడిపోయాయి. అమ్మినవారి మెకానిక్ వచ్చి "చెక్క పచ్చిది సార్" అని వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి చూస్తే బల్లకు అర మిల్లీమీటరు మెలిక. కాళ్ళ బోల్టులు వదులు చేస్తే దాదాపు పూర్తిగా పోయింది. బ్లేడుకూ గాడికీ ముందూ వెనకా ఎనిమిది పదోవంతుల తేడా. సాయంత్రం దాకా కూర్చుని ఒక పదో వంతుకు తెచ్చాం. పది అడుగుల చెక్క వెన్న కోసినట్టు కోసింది. అబ్బాయి ముఖం వెలిగిపోయింది.

మర్నాడు ఫోను, మళ్ళీ మాడుతోందని. కొలిస్తే నాలుగు పదోవంతులు. సరిచేశాం. ఆ మర్నాడు మళ్ళీ తేడా. బోల్టులు మాత్రం బిగుతుగానే ఉన్నాయి.

ఇక్కడ మీ శ్రద్ధ కోరుతున్నాను. సరిచేసినది సరిగ్గా లేకపోతే మళ్ళీ సరిచేయవచ్చు. సరిచేసినది నిలబడకపోతే, బోల్టులు బిగుతుగా ఉన్నా కొలత పూటకో రకంగా మారుతుంటే, లోపం సెట్టింగులో లేదు, బీడులోనే ఉంది. ఇంకా సరిచేస్తూ కూర్చోవడం రోగాన్ని దాచడమే అవుతుంది.

బల్ల కింద టార్చి వేసి వెనక ట్రనియన్ చూశాను. ఒకచోట పెయింటు మిగతా చోట్ల కంటె మందంగా, నున్నగా ఉన్నది. గోటితో గీకితే లప్పం ఊడి వచ్చింది. మన వీల్ షాపులో ఇరుసులకు చేసిన పాత పరీక్షే చేశాం. ఆ చోటు శుభ్రం చేసి కిరసనాయిలు పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి చల్లి, చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాం. తెల్లటి పొడి మీద వెంట్రుక మందాన తడి గీత తేలింది, బోల్టు రంధ్రం నుంచి మూల దాకా. ఇప్పుడు ఎర్రరంగు స్ప్రే డబ్బాలతో ఇదే పరీక్ష ఇంకా స్పష్టంగా చేయవచ్చు, కాని ఆ రోజు మా దగ్గర ఉన్నది సుద్దముక్కే.

అమ్మినవారు ఫోనులో "అది అచ్చు కలిసిన గీత, పగులు కాదు" అన్నారు. అచ్చు పెట్టెలు కలిసిన చోట వచ్చే గీత పైకి ఉబ్బి ఉంటుంది, చమురు తాగి మళ్ళీ కక్కదు. వీధి చివర వెల్డరు, "బాబాయ్‌గారూ, నికెల్ రాడ్‌తో అతికించేస్తాను, గంటలో పని" అన్నాడు. అతను తన పని తెలిసినవాడే, అబద్ధం చెప్పలేదు. బీడును వేడిచేసి, నికెల్ రాడ్‌తో అతికి, నెమ్మదిగా చల్లారిస్తే పాత మిషన్‌కు పనికివస్తుంది. కాని ఇది కొత్త మిషన్. అతుకు వేయగానే గ్యారంటీ పోతుంది, సాక్ష్యం పోతుంది, నమ్మకం ఎలాగూ లేదు. తిరిగే బ్లేడును పట్టుకుని ఉన్నది ఆ చట్రమే.

అబ్బాయి ఒప్పుకోలేదు. పెళ్ళి ముహూర్తం దగ్గర పడింది, మంచాలు ఇవ్వాలి, రోజూ పొద్దున సరిచేసుకుని నడుపుకుంటానన్నాడు. తండ్రి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. డబ్బు ఆయనది, చెయ్యి కొడుకుది. చాలాసేపటి తరువాత లేచి, బెల్టు విప్పి తన గదిలోకి తీసుకువెళ్ళి తాళం వేశారు. మంచాల కోత సామిల్లులో కూలి ఇచ్చి చేయించారు. ఆర్డరులో మిగలవలసిన లాభం దానికే పోయింది.

ఫోటోలు, కొలతల కాగితం జతచేసి, పద్ధతిగా ఉత్తరం రాసి, స్పీడ్ పోస్టులో పంపారు. ముందు జవాబు లేదు. రెండో ఉత్తరంలో వినియోగదారుల కమిషన్ మాట రాసిన తరువాత మెకానిక్ వచ్చి చూసి వెళ్ళాడు. ఏడు వారాలకు కొత్త ట్రనియన్ వచ్చింది. దాన్ని మేమే బిగించి, మళ్ళీ మొదటి నుంచి కొలిచాం. ఈసారి కొలత నిలబడింది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2019 నాటి చట్టం వచ్చింది, 2020 జూలై నుంచి అమలులో ఉంది. ఇప్పుడు మనం నివాసం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు, అయితే స్వయంగా పనిచేసుకుని బతకడానికి కొన్నదైతే వర్తిస్తుంది. కనుక ఉత్తరంలో ఆ మాట స్పష్టంగా రాయండి. అబ్బాయి పేరున షాపు, నాన్న పేరున బిల్లు ఉంటే చిక్కులు రావచ్చు, పని చేసేవారి పేరునే బిల్లు తీసుకోండి.

ఇంకొకటి మరిచాను. త్రీఫేజ్ మోటారు మొదటిసారి కనెక్షన్ ఇచ్చినప్పుడు బ్లేడు తీసి ఒక్క క్షణం తిప్పి చూడండి. బ్లేడు పైభాగం మన వైపు రావాలి. తిరగబడి తిరిగితే మూడు వైర్లలో ఏ రెండు మార్చినా సరిపోతుంది. ఎర్తింగ్ లేకుండా మాత్రం మిషన్ ముట్టవద్దు.

నా దగ్గర డయల్ గేజి, మాగ్నెటిక్ స్టాండు, రెండడుగుల స్ట్రెయిట్ ఎడ్జి ఉన్నాయి. వాటిని సంఘం ఆఫీసు బీరువాలో ఉంచమని కార్యదర్శిగారికి ఇస్తున్నాను. రిజిస్టరులో సంతకం చేసి ఎవరైనా తీసుకువెళ్ళవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు స్ట్రెయిట్ ఎడ్జికి నూనె రాసి ఇవ్వండి. డయల్ గేజి కింద పడితే దాచిపెట్టకుండా చెప్పండి, నేను చూసి సరిచేస్తాను.